చీటీ ప్రకారం

మారతహళ్ళి వంతెన పక్కన
టైర్ల కొట్టు మీది రెండో అంతస్తులో
తొంభై కవర్లు అంటించాను.
లోపల ఒక్కో చీటీ: కునుకు, కాఫీ, కుర్చీ.
లైటుకెత్తి చూసినా కనబడకుండా నల్ల కాగితం చుట్టి,
కింది కొట్టు కుర్రాడితో కలిపించి
నంబర్లు వాడిచేతే వేయించాను.
"ఏది ఎవరిదో నీకూ తెలియకూడదు" అంది కామత్ మేడమ్,
"తెలిస్తే నీ జాలి మధ్యలో చెయ్యి పెడుతుంది."

వచ్చేవాళ్ళు రాత్రి క్యాబుల డ్రైవర్లు.
హిందూపురం, ముళబాగిలు, పలమనేరు, హోసూరు.
తెల్లవారుజామున మూడింటికి
ఆఫీసు పిల్లల్ని ఇళ్ళ దగ్గర దించేసి
కళ్ళలో ఎదురు బండ్ల లైట్లు ఇంకా ఆరకముందే
మెట్లెక్కేవాళ్ళు.

కునుకు వాళ్ళకి ఇరవై నిమిషాలు మంచం.
కాఫీ వాళ్ళకి కొలిచి పోసిన లోటా.
కుర్చీ వాళ్ళకి కుర్చీ, పోయినేటి పంచాంగం.
ఆ తర్వాత అందరికీ ఒకే తెర, ఒకే ఎర్ర చుక్క.
కనబడగానే మీట నొక్కాలి.
సెకనులో వెయ్యో వంతు దాకా రాసుకుంటుంది యంత్రం.

"మాకేమీ ఇవ్వరా మేడమ్?"
ఏమీ ఇవ్వకపోవడాన్నే ఇస్తున్నాను,
అది లేకపోతే
మిగతావాళ్ళ మేలు దేంతో తూచను?
తక్కెడకి ఖాళీ పళ్ళెం కూడా కావాలి.
ఇదంతా అనలేదు.
"పరీక్షయ్యాక బిస్కెట్లున్నాయన్నా" అన్నాను.

నలభై ఒకటి ఓబుళేశు. కునుకు.
నలభై రెండు కదిరప్ప. కుర్చీ.
నీళ్ళ క్యాను కోసం కిందికెళ్ళి వచ్చేసరికి
మంచం మీద కదిరప్ప,
బూట్లతోనే, నోరు తెరిచి.
కుర్చీలో ఓబుళేశు పంచాంగం తిప్పుతున్నాడు.
"వానికి కవలలు పుట్టినారు మేడమ్.
పదకొండు దినాలాయ కన్ను మూసి.
నాదేముంది, ఇంటికి పోయి పండుకుంటా."

లేపాలి.
గడియారం చూశాను, ఇంకా పదమూడు నిమిషాలు.
లేపలేదు.

మేడమ్ కోప్పడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంది.
"చీటీ ఏం చెబితే అదే లెక్క.
కుర్చీలో కూర్చున్నా ఓబుళేశు కునుకు గుంపే.
గురకపెట్టినా కదిరప్ప కుర్చీ గుంపే."
"అది అబద్ధం కదా?"
"వాళ్ళని మార్చి రాశావంటే
నువ్వు కొలిచేది కునుకును కాదు,
ఎవరికి మంచి స్నేహితుడున్నాడో దాన్ని."

వానాకాలమంతా లెక్కల్లో గడిచింది.
గుంపుకీ గుంపుకీ నడుమ ఎడం పైన,
గుంపు లోపలి చెదురు కింద,
భాగించమంటుంది సూత్రం.
ఆ కింది అంకెకి పుస్తకంలో పేరు దోషం.
దోషమా?
అందులో కవలలున్నారు,
బండి కంతు ఉంది,
సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కున్న గంటంబావు ఉంది,
వెనకసీట్లో అమ్మాయి ఏడుస్తుంటే అద్దంలో చూసి
ఏమీ అడగలేక ఇంటిదాకా నడిపిన ఒక రాత్రి ఉంది.
నేను కొలవనిదంతా అక్కడే ఉంది.

తేడా ఉందంది లెక్క. ఎవరికీ ఎవరికీ అంటే చెప్పదు.
జంటజంటగా మళ్ళీ అడగాలి,
అడిగిన ప్రతిసారికీ పరీక్ష కాస్త కఠినం చేయాలి.
ఊరికే అడుగుతూ పోతే
ఏదో ఒకసారి అబద్ధం కూడా ఔననేస్తుంది.
కునుకు కుర్చీని గెలిచింది, వెంట్రుకవాసిలో.
కాఫీకీ కునుకుకీ తేడా తేలలేదు.
తేలలేదంటే లేదని కాదు.
ఈ ఒక్క వాక్యాన్ని నాలుగుసార్లు కొట్టేసి రాశాను.

పట్టిక అడుగున చీమల్లాంటి అక్షరాల్లో
"ఇద్దరు కేటాయించిన గుంపును పాటించలేదు" అని ఉంటుంది.
అంతే ఉంటుంది.

పటంలో కునుకు గుంపు చుక్కలన్నీ ఒక చోట.
దూరంగా, అందరికన్నా ఆలస్యంగా మీట నొక్కిన చుక్క ఒకటి.
"తీసెయ్యొచ్చుగా, అందం చెడగొడుతోంది" అన్నాడు పక్క టేబులు అతను.
మౌస్ దాని మీదికి తీసుకెళితే
నలభై ఒకటి అని వెలిగింది.

ఉంచాను.
దానివల్ల నా తేడా కొంచెం తగ్గింది.
తగ్గనీ.